సాఫు ప్రతి

సంస్థ ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 4

అక్కా,

ఉద్యోగంలో చేరి ఇవాళ్టికి మూడు వారాలు. చేరగానే ఉత్తరం రాయమన్నావు, నేను రాయలేదు, నువ్వు ఈపాటికి నాలుగు తిట్లు తిట్టే ఉంటావు. ఫోన్ మోగితే బావ ఉలిక్కిపడుతున్నాడన్నావు కాబట్టి ఇక మనకి ఉత్తరాలే గతి. తిట్టింది చాలు, చదువు.

మా సంస్థ సంగతి నీకు కొంత తెలుసు. గుండీల ఫ్యాక్టరీ పెట్టి పైకొచ్చిన ఒక పెద్దాయన తన ఆస్తంతా రాసిచ్చి దీన్ని మొదలుపెట్టాడు. చిన్న షాపులు పెట్టుకునేవాళ్ళకి, చదువుకునే పిల్లలకి, వీధుల్లో గ్రంథాలయాలకి, మంచినీళ్ళ కుళాయిలకి సాయం చేస్తారు. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పుడు ఆయన కూతురు చూసుకుంటోంది. అందరూ మేడమ్ అంటారు. ఆవిడ ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, ఎప్పుడు చూసినా అదే నవ్వు.

ఇక్కడ దరఖాస్తు పద్ధతి వింటే నీకు నవ్వొస్తుంది. సాయం కావాలన్నవాళ్ళు ఏడాది తర్వాతి తారీఖు వేసి, అప్పటికి తమ పనీ ఇల్లూ ఎలా ఉన్నాయో, అంతా జరిగిపోయినట్టే ఉత్తరం రాయాలి. "షాపు తెరిచాను. తలుపుకి నీలం రంగు వేశాను. మా అమ్మాయి పరీక్ష పాసైంది." ఇలాగన్నమాట. ఒక్క పేజీ దాటకూడదు. పెద్దాయన బీదగా ఉన్న రోజుల్లో తనకి తాను అలాంటి ఉత్తరం రాసుకున్నాడట, ఏడాది తిరిగేసరికి అంతా అక్షరాలా జరిగిందట.

ఆ ఉత్తరాలకి సాఫు ప్రతి రాయడం నా పని. జనం గీకినవాటిని శుభ్రంగా తిరగరాస్తాను, పేజీ దాటితే కుదిస్తాను. సాఫు ప్రతి మేడమ్ గదిలో ఇనప బీరువాలోకి పోతుంది. సరిగ్గా ఏడాదికి బయటికొస్తుంది. అప్పుడు ఒక రిటైరైన పంతులుగారు దాన్ని పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, రాసిన ప్రతి మాటా జరిగిందో లేదో చూసి ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టుకొస్తారు. మేం ఆయన్ని టిక్కు మాస్టారంటాం. ఇన్నేళ్ళలో ఒక్కచోట కూడా ఇంటూ పెట్టిన పాపాన పోలేదట.

మోటార్లకి తీగ చుట్టడం నేర్పే నీ వైండింగ్ బడి ఆలోచన వీళ్ళకి అతికినట్టు సరిపోతుంది. ఫారం ఇందులో పెట్టాను, బద్ధకించకుండా నింపి పంపు. బావ ఎలా ఉన్నాడు? సెలవలకి వస్తే బస్టాండుకి ఎదురొచ్చి నా పెట్టె లాక్కుని, "ఏం మరదలు పిల్లా, రాళ్ళేసుకొచ్చావా" అనేవాడు. ఆ మనిషి అలా మంచానికి అతుక్కుపోయాడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

నీ చిట్టి


షాపు వెనక ఇల్లు
జూన్ 15

చిట్టీ,

నాలుగు కాదు, పది తిట్టాను. లెక్క సరిపోయిందిలే.

మీ బావ అలాగే ఉన్నారు. పక్షవాతం వచ్చి ఏడాదిన్నర కావస్తోంది. కుడిచెయ్యి, కుడికాలు కదలవు, మాట లేదు. ఇక ఇంతేనమ్మా అన్నాడు డాక్టరు. ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాను, రోడ్డు చూస్తూ ఉంటారు. పొద్దున్నే ఒళ్ళు తుడిచి, అన్నం కలిపి తినిపించి, షాపులోకి వస్తాను. మధ్య తలుపు తెరిచే ఉంచుతాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. నాకు ఆ నిశ్శబ్దం అలవాటైపోయింది.

పని బాగా నడుస్తోంది. ఆడది మోటారు కడుతుందా అని తెచ్చిన ఫ్యాను తెచ్చినట్టే పట్టుకుపోయినవాళ్ళు ఇప్పుడు బాబ్బాబు అంటూ గుమ్మంలో నిలబడుతున్నారు. కాలిపోయిన తీగ ఊడదీయాలి, ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టుకోవాలి, కొత్త రాగితీగ అన్నే చుట్లు చుట్టాలి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. ఇందులో మీసాలతో చేసే పని ఏముందో నాకైతే కనపడలేదు. మా వీధిలో చదువు మానేసి ఊరికే కూచున్న ఆడపిల్లలు ఆరుగురున్నారు. వెనక రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది. వాళ్ళకి నేర్పాలని నాకు ఎన్నాళ్ళనించో కోరిక. ఇదివరకు కుదర్లేదు, ఇప్పుడు కుదురుతుంది.

ఫారం నింపుతాను. నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, నా కోడిగీతలు చూసి నవ్వకు.

నీ అక్క


సంస్థ ఆఫీసు, రెండో అంతస్తు
జూలై 9

అక్కా,

నీ దరఖాస్తు అందింది. దాని సంగతి చెప్పే ముందు ఇంకోటి చెప్పాలి. చదివి నాకు మతి చలించిందనుకోకు.

పోయిన నెల గడియారాలు బాగుచేసే ఒకాయన ఆఫీసుకి వచ్చాడు. ఆయన గడువు అయింది, టిక్కు మాస్టారు అన్నిటికీ టిక్కు పెట్టారు. ఆయన అసలు ఉత్తరం నేను చూశాను. అసలు ఉత్తరాలు పక్కగదిలో అట్టపెట్టెల్లో ఉంటాయి. అందులో "మా అమ్మ గల్లాపెట్టె దగ్గర కూచుని వచ్చినవాళ్ళందర్నీ పలకరిస్తోంది" అని ఒక లైను ఉంది, భలే నచ్చింది. అందుకని అమ్మగారు ఎలా ఉన్నారండీ అని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. "అమ్మ పోయి తొమ్మిది నెలలైంది. మా అమ్మ సంగతి మీకెలా తెలుసు?" అన్నాడు.

అప్పుడు సాఫు ప్రతి తీసి చూశాను. నాకు ముందున్న గుమాస్తా పేజీ దాటుతోందని ఆ లైను కొట్టేసింది.

ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. వారం రోజులు భోజనాల వేళ ఆ అట్టపెట్టెలన్నీ దించుకుని అసలు ఉత్తరాల్నీ, గడువు తీరి బీరువాలోంచి బయటికొచ్చిన సాఫు ప్రతుల్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పదకొండు చోట్ల ఎవరో ఒకర్ని కొట్టేశారు. ఒకరి తాత, ఒకరి తమ్ముడు, ఒకరి భాగస్వామి. పదకొండు ఇళ్ళకీ ఏదో ఒక వంకతో ఫోన్ చేశాను. తాత పోయాడు. తమ్ముడు ఇంట్లోంచి వెళ్ళి మళ్ళీ రాలేదు. భాగస్వామి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఒక చెప్పులు కుట్టే ఆవిడ తన కుక్క గురించి రాసుకుంది, ఆ కుక్క కూడా లేదు. బీరువాలోకి వెళ్ళిన కాగితంలో ఎవరుంటే వాళ్ళే ఉన్నారక్కా. లేనివాళ్ళు ఒక్కరు కూడా లేరు.

ఇప్పుడు నీ ఉత్తరం నా ముందుంది. షెడ్డుకి పచ్చరంగు వేశావు. ఆరుగురు పిల్లలు రోజూ వస్తున్నారు. ఇద్దరు సొంతంగా మోటారు కట్టారు. షాపు ముందు కొత్త బోర్డు పెట్టావు. చదువుతుంటే నాకే అక్కడికి వచ్చి కూచోవాలనిపించింది. అన్నీ ఉన్నాయి, బావ లేడు. రెండుసార్లు వెతికాను, ఎక్కడా లేడు.

మర్చిపోయి ఉంటావు. వెంటనే ఇంకోటి రాసి పంపు. ఒక్క లైను చాలు. నాకు నిజంగా భయంగా ఉంది.

చిట్టి


షాపు వెనక ఇల్లు
జూలై 18

చిట్టీ,

ముసలివాళ్ళు పోతారు. తమ్ముళ్ళు అలిగి పోతారు. కుక్కలు తాడు తెంపుకుని పోతాయి. నువ్వు చిన్నప్పట్నించీ ఇంతే, తీగె మీద ఆరేసిన చొక్కా కదిలితే మనిషన్నావు.

అది షాపు కాగితం, మొగుడి సంగతి అందులో దేనికి? నేను మర్చిపోలేదు. మళ్ళీ రాయను. రాసింది రాసినట్టు పంపు. ఒక్క మాట చేర్చకు, ఒక్క మాట తీయకు. అక్కగా అడుగుతున్నాను. ఎందుకని మాత్రం అడక్కు.

నీ అక్క


సంస్థ ఆఫీసు, రెండో అంతస్తు
ఆగస్టు 11

అక్కా,

నిన్న మేడమ్ సంతకం పెట్టింది, నీ కాగితం బీరువాలోకి వెళ్ళింది. వచ్చే ఆగస్టు పదిన బయటికొస్తుంది. షెడ్డు పని ఇక మొదలుపెట్టుకో.

అడగొద్దన్నావు, అడగలేదు. నువ్వు దేనికీ బెంగపడకు. అంతా మంచే జరిగేట్టు చూశాను. బావ దగ్గర కూచుని, ఓపిక పట్టమన్నానని చెప్పు.

నీ చిట్టి


షాపు వెనక ఇల్లు
ఏప్రిల్ 22

చిట్టీ,

ఇన్నాళ్ళూ రెండేసి ముక్కలు కార్డు మీద గిలికి సరిపెట్టాను. ఇవాళ వివరంగా రాయాలి, కూచున్నాను.

బడి నడుస్తోంది. ఎలా నడుస్తోందో చెప్తే నువ్వే భయపడతావు. షెడ్డుకి రంగు కొనడానికి వెళ్తుంటే పక్కింటాయన ఎదురొచ్చి, మా పనికి మిగిలిపోయింది తీసుకోండి అని డబ్బా ఇచ్చాడు. మూత తీస్తే పచ్చరంగు. నేను ఆరుగురు పిల్లలని రాశాను కదా, ఏడో పిల్ల నిలవడం లేదు. ముగ్గురొచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. ఒకరి నాన్నకి బదిలీ అయింది, ఒకరికి జబ్బు చేసింది, మూడో పిల్ల ఎందుకు మానేసిందో దానికే తెలియదు. షెడ్డు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేకపోతున్నా టీచర్ అని వెనక్కి వెళ్ళిపోయింది.

అదేదో నేను సర్దుకున్నాను. సర్దుకోలేనిది వేరే ఉంది.

మూడు వారాల కిందట అన్నం పెడుతుంటే మీ బావ కుడిచేతి చూపుడువేలు కదిలింది. చీమ కుట్టిందేమో అనుకున్నాను. మర్నాటికి రెండు వేళ్ళు. వారానికి పిడికిలి. డాక్టరు వచ్చి చూసి, నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదమ్మా, మీ సేవ ఫలించింది అన్నాడు.

నిన్న పొద్దున షెడ్డులో పిల్లలకి చుట్టడం చూపిస్తున్నాను. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరం మాట్లాడం, లెక్క తప్పితే మొత్తం విప్పాలి. నూట నలభై దాకా వచ్చాను. వెనక నించి, "ఎన్ని?" అని వినపడింది. పిల్లలు కాదు. రెండేళ్ళకి పైగా వినని గొంతు. తిరిగి చూస్తే మధ్య తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు.

చిట్టీ, ఆ కాగితంలో ఏం రాశావు?

అక్క


సంస్థ ఆఫీసు, రెండో అంతస్తు
మే 2

అక్కా,

నీ ఉత్తరం చదివి ఇక్కడ నా కుర్చీలోనే ఏడ్చేశాను. పక్క టేబులావిడ ఎవరైనా పోయారా అని అడిగింది. కాదండీ, మా బావ లేచాడు అన్నాను.

ఇక దాచను. నువ్వు వద్దన్నా నేను చేర్చాను. చివర్న రెండే లైన్లు. "మా ఆయన లేచి తిరుగుతున్నారు. మునుపటిలాగే ఉన్నారు." అంతే. నువ్వు మొండిదానివి, సాయం అడగడం నీకు చేతకాదు, బావ బాగుపడాలని కోరుకోవడానికి కూడా నీకు మొహమాటమేమో అనుకున్నాను. కోప్పడు, ఎంతైనా కోప్పడు. కానీ ఆ లైన్లు రాయకపోతే ఈపాటికి ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

ఆగస్టు పదికి నేను సెలవు పెట్టి వస్తాను. బస్టాండుకి బావని పంపు.

నీ చిట్టి


షాపు వెనక ఇల్లు
మే 20

చిట్టీ,

కోపం లేదు. ఉంటే బాగుండేది, చేతులకి కాస్త వేడన్నా వచ్చేది.

మునుపటిలాగే అంటే ఎలాగో నీకు తెలియదు. తప్పు నీది కాదు, నేనే తెలియనివ్వలేదు. నీ చదువు, నీ పెళ్ళి సంబంధాలు, అమ్మ ఆరోగ్యం, ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఇప్పుడు చెప్తాను.

నువ్వు సెలవలకి వచ్చిన పది రోజులూ ఆ ఇంట్లో నవ్వులే. నువ్వు బస్సెక్కాక ఆయన ఇంటికొచ్చి గడియ పెట్టేవారు. ఏ జోకుకి నేను సరిగ్గా నవ్వలేదో ఆయనకి గుర్తుండేది. నేను పొడుగు చేతుల జాకెట్లు వేసుకునేది చలికి కాదు. వార్నిష్ మరకలని నీకు చెప్పాను చూడు, అవి సోల్డరింగ్ కడ్డీ మచ్చలు. ఎడమచేతి మీద తొమ్మిది, వీపు మీద ఎన్నో నాకు కనపడవు. చుట్ల లెక్క తప్పితే ఒకటి. "ఎన్ని?" అని అడిగేవారు. నేను సరిగ్గా చెప్పాలి. మొన్న ఆయన అడిగింది ఆ "ఎన్ని".

ఆయన పడిపోయిన రోజు డాక్టరు కోసం పరిగెత్తాను. సందు చివరిదాకా వెళ్ళి, చెప్పులు వేసుకోలేదని వెనక్కి వచ్చాను. చెప్పులు తొడుక్కుని, నిదానంగా నడిచి వెళ్ళాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆయనకి ఏ లోటూ చేయలేదు, ఒక్క పూట అన్నం ఆలస్యం కాలేదు. ప్రేమతో చేశానని చెప్పను. పని కాబట్టి చేశాను.

ఆ ఫారం మొదట రాసినప్పుడు నాకేమీ తెలియదు. నాకు కావలసినవి రాసుకుంటూ పోయాను, ఆయన అందులోకి రాలేదు, అంతే. నువ్వు గడియారాలాయన సంగతి రాశాక తెలిసింది. తెలిసే మళ్ళీ రాయనన్నాను. నీ అక్క ఇలాంటిది.

నువ్వు రావద్దు. నువ్వొస్తే ఆయన నవ్వుతారు. నువ్వు వెళ్ళాక నేనుండాలి.

అక్క


సంస్థ ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 3

అక్కా,

ఏమని రాయను? పదిసార్లు మొదలుపెట్టి చింపేశాను. నా చేత్తో రాశానక్కా. నా ముత్యాల దస్తూరీతో.

నీ ఉత్తరం అందిన రోజే, ఆగలేక, ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. నేను మాట్లాడలేదు. "మరదలు పిల్లేనా?" అన్నాడు. పెట్టేశాను.

మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పి, నీ కాగితం ఒక్కసారి బయటికి తీయమన్నాను. "మీరు చేర్చిన లైన్లు నేను చూశానమ్మా, సంతకం పెట్టేటప్పుడు" అంది. ఆపలేదేమని అడిగాను. "ఆపడం మా పని కాదు. గడువు దాకా ఏదీ తెరవం, ఏదీ చెరపం" అంది. కాళ్ళ మీద పడబోయాను. నా భుజం పట్టి లేపి, "మా నాన్నగారి మొదటి ఉత్తరంలో ఫ్యాక్టరీ ఉంది, ఇల్లుంది, ఎప్పుడూ నవ్వుతూ ఉండే నేనున్నాను. మా అమ్మ లేదు. ఆయన మర్చిపోయారంతే" అంది. అప్పుడు కూడా అదే నవ్వు. అది నవ్వు కాదక్కా, ఆ మొహం అలా ఉండిపోయిందంతే.

ఒక్క మాట మాత్రం చెప్పింది. గడువు అయ్యాక రెండో ఏడాది సాయానికి కొత్త ఉత్తరం రాసుకోవచ్చు. అప్పట్నించి దాని ప్రకారం నడుస్తుంది. నువ్వు ఆగస్టు పది దాటించు. పదకొండున కొత్త ఉత్తరం రాసి పంపు. నీకు ఎవరు కావాలో వాళ్ళనే రాయి. ఈసారి నేను కామా కూడా మార్చను.

లేదంటే ఇప్పుడే బయల్దేరి నా దగ్గరికి వచ్చెయ్. ఒక్క గదే, ఇద్దరం సర్దుకుందాం.

చిట్టి


షాపు
జూలై 1

చిట్టీ,

రాలేను. ఆరుగురు పిల్లల్ని ఎవరి చేతిలో పెట్టి రాను? ఆ చేతిలోనా?

ఆయన షెడ్డులోకొచ్చి కూచుంటున్నారు. పిల్లల్ని నవ్విస్తున్నారు. అంకుల్ ఎంత సరదా మనిషో టీచర్ అంటున్నారు వాళ్ళు. షెడ్డు తాళంచెవి ఇన్నాళ్ళూ నా దగ్గరుండేది, ఇప్పుడు ఆయన జేబులో ఉంది. ఇంకా చెయ్యెత్తలేదు. పూర్తిగా బాగవలేదు కదా, పదో తారీఖు రావాలి.

నీ ఉత్తరాలు పాత తీగల పెట్టె అడుగున దాచాను. నువ్వు చెప్పినట్టే చేస్తాను. నలభై రోజులు. అంతకంటే ఎక్కువే ఓర్చుకున్నాను.

అక్క


షాపు
ఆగస్టు 12

మరదలు పిల్లకి,

దస్తూరీ చూసి కంగారుపడకు, నేనే. కుడిచెయ్యి ఇదివరకటికన్నా బాగా పనిచేస్తోంది.

మొన్న మీ టిక్కు మాస్టారొచ్చాడు. పాపం, ఎండలో చెమటలు కక్కుకుంటూ వచ్చాడు, మంచినీళ్ళిచ్చాను. పచ్చరంగుకి టిక్కు, బోర్డుకి టిక్కు, ఆరుగురు పిల్లలకి టిక్కు. చివర్న నన్ను నడవమన్నాడు, నడిచాను. మునుపటిలాగే ఉన్నారా అమ్మా అని మీ అక్కనడిగాడు. మీ అక్క నా వైపు చూసి అవునండీ అంది. టిక్కు.

నిన్న మీ అక్క చెయ్యి కాలింది. కుడిచెయ్యి. కడ్డీ దగ్గర పరధ్యానం పనికిరాదని ఎన్నిసార్లు చెప్పానో. కొన్నాళ్ళు కలం పట్టుకోలేదు, అందుకని ఇకమీదట ఈ ఇంటి ఉత్తరాలు నేనే రాస్తాను.

తీగల పెట్టె సర్దుతుంటే నీ ఉత్తరాలు దొరికాయి. కూచుని అన్నీ చదివాను. భలే రాస్తావు. గడియారాలాయన తల్లి సంగతి రెండుసార్లు చదివాను. కుక్క సంగతి కూడా.

రెండో ఏడాది ఫారం నేనే నింపేశాను, ఇందులో పెట్టాను. పేజీన్నర అయింది, నాకు చెప్పుకోడానికి చాలా ఉంది మరి. నేను, నా షాపు, నా దగ్గర నోరెత్తకుండా పని నేర్చుకునే ఆరుగురు పిల్లలు. ఇంకెవర్నయినా రాయాలా అని ఆలోచించాను, అవసరం కనపడలేదు. నువ్వు లైన్లు చేర్చే రకానివని తెలిసింది కాబట్టి, సాఫు ప్రతి వద్దు, నా కాగితమే బీరువాలో పెట్టండని మీ మేడమ్‌కి వేరే ఉత్తరం వేశాను.

మీ అక్క పక్కనే కూచుంది. నిన్ను అడిగినట్టు రాయమంది. అనలేదనుకో, నేనే రాస్తున్నాను.

మీ బావ


సంస్థ ఆఫీసు, రెండో అంతస్తు
ఆగస్టు 20

బావగారికి,

నమస్కారాలు. మీ దరఖాస్తు అందింది. మేడమ్‌కి మీరు వేసిన ఉత్తరాన్ని ఆవిడ నా టేబుల్ మీదికే పంపించింది. అసలు కాగితం బీరువాలో పెట్టడం ఇక్కడ కుదరదు. పెద్దాయన కాలం నించీ లోపలికి వెళ్ళేది సాఫు ప్రతే, అది రాసేది నేనే. మీకోసం పద్ధతి మార్చలేమని చెప్పమంది.

మీ ఉత్తరం పేజీ దాటింది కాబట్టి కుదించాల్సి వచ్చింది. ఎక్కడ కుదించాలా అని నిన్న పొద్దుణ్ణించి మధ్యాహ్నం దాకా దాన్నే చదివాను. బస్టాండులో నా పెట్టె అందుకున్న మనిషి ఎక్కడైనా కనపడితే ఆయన్ని ఉంచుదామని చూశాను. నాకు ఆయనంటే నిజంగా ఇష్టం. పేజీన్నరలో ఎక్కడా లేడు.

షాపు ఉంచాను, అది మా అక్కదని రాశాను. ఆరుగురు పిల్లల్ని ఉంచాను, గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయిన ఏడో పిల్లని కూడా చేర్చాను. షెడ్డు తాళంచెవి అక్క దగ్గరే ఉందని రాశాను. అక్క చెయ్యి మానిందని, బీరువాకి తాళం పడ్డ రోజు నించి ఆమె ఒంటి మీద కొత్త మచ్చ ఒక్కటి కూడా పడలేదని రాశాను. కాబట్టి ఇది చదివి మీరు కుర్చీలోంచి లేచినా లాభం లేదు. ఇంత రాసేసరికి పేజీ నిండింది. మిగతా లైన్లకి చోటు చాల్లేదు.

పోయినేడు తెలియక మార్చాను. ఈసారి తెలిసే మార్చాను. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. ఇది నేను మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

నిన్న మధ్యాహ్నం మేడమ్ మొత్తం చదివి, సంతకం పెట్టి, బీరువాకి తాళం వేసింది.

ఈ ఉత్తరానికి మీరు జవాబు రాయనక్కర్లేదు. అక్క రాస్తుంది.

ఇట్లు,
సాఫు ప్రతుల గుమాస్తా